లోపలి గడియ

ఆవిడ చేతులు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. మా ఇంటికి వచ్చిన మొదటి రోజు నుంచీ ఆ రెండు చేతులూ కోటు జేబుల్లోనే. మా తమ్ముడు గుడ్డు పగలగొట్టబోయి పెంకుతో సహా పెనంలో పడేస్తే చేతులు జేబుల్లో. నూనె మాడి వంటగదంతా పొగ కమ్ముకుంటే చేతులు జేబుల్లో. నేను పరుగెత్తుకెళ్ళి స్టవ్ కట్టెయ్యబోతే మాత్రం మోచెయ్యి అడ్డం పెట్టింది.

“మీరు కూర్చోండమ్మా. సార్ చూసుకుంటారు.”

సార్ ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. మా ఇంట్లో సార్లెవరూ లేరు. ఉన్నది బుల్లోడు. ముప్ఫై ఏడేళ్ళొచ్చి, నడినెత్తిన జుట్టు పలచబడ్డా వాడు బుల్లోడే. ఆ బుల్లోడు నిదానంగా ఒక మీట తిప్పాడు. అది కాదు. ఇంకోటి తిప్పాడు. మంట ఆరింది. ఆవిడ తల ఊపింది. వాడు ఆ మాడిన గుడ్డుని పెంకులు ఏరుకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ తిన్నాడు. అమ్మ పోయాక పదహారేళ్ళుగా నా చేతి వంట తింటున్నాడు, ఒక్కనాడూ అలా నవ్వలేదు. అది చూసి నాకు ఏడుపు రావాలి. కోపమొచ్చింది. నాకు ఏదొచ్చినా ముందు కోపంగానే వస్తుంది.

ఆవిడ సపోర్ట్ వర్కర్. వైకల్యం ఉన్నవాళ్ళు తమ కాళ్ళ మీద తాము బతకడానికి సాయం చేసే సంస్థ ఒకటుంది, అందులో ఉద్యోగం. సాయమంటే జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడటమని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడకి జేబులమ్మ అని పేరు పెట్టాను. ఎదురుగా కూడా ఒకసారి అనేశాను. ఆవిడ నవ్వింది. అదింకా మండించింది.

వీళ్ళని పిలిచింది నేను కాదు. బుల్లోడే. వాడు పుట్టుకతోనే నెమ్మది. మాట నెమ్మది, బొత్తాలు పెట్టుకోవడం నెమ్మది, కూడికలన్నీ వేళ్ళ మీద. పగటిపూట తనలాంటివాళ్ళు వెళ్ళే కేంద్రానికి వెళ్ళేవాడు. నాలుగేళ్ళ కిందట అక్కడికి ఎవరో వచ్చి, సొంత గదిలో ఉండాలని ఎవరికుంది అని అడిగితే వీడు చెయ్యెత్తాడట. కాగితం మీద వంకరటింకరగా సంతకం పెట్టాడట. నాలుగేళ్ళూ నాకు చెప్పలేదు. వరసలో వాడి వంతు వచ్చిందని ఉత్తరం అందాక తెలిసింది నాకు. నోట్లో నాలుక లేనివాడనుకుంటే కడుపులో ఇంత దాచుకున్నాడు.

“మావాడు నా దగ్గర సుఖంగా ఉన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అని అడిగాను జేబులమ్మని.

“కందే అడిగిందమ్మా. సంతకం ఉంది చూడండి,” అంది, గడ్డంతో బల్ల మీదున్న ఫైలు చూపించి.

ఆ ఫైల్లో ‘సార్ లక్ష్యాలు’ అని ఒక పేజీ ఉంది. ఒకటి, ఈతకొలను దగ్గర పని. రెండు, పద్నాలుగో నంబరు బస్సులో ఒక్కడే వెళ్ళడం. మూడోది చదివి ఫైలు మూసేశాను. ‘లోపలి నుంచి గడియ పెట్టుకునే తలుపు’ అని ఉంది.

మా ఇంట్లో గడియలు లేవు. పదకొండేళ్ళ కిందట వాడు స్నానాల గదిలో జారి పడ్డాడు. లోపల గడియ. లేవడం చేతకాక, తల పగిలి నెత్తురు కారుతుంటే అక్కా అక్కా అని పిలుస్తూ పడున్నాడు. నేను ఆ తలుపు బద్దలు కొట్టేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. మర్నాడే స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంట్లో ఉన్న గడియలన్నీ నేనే ఊడబీకాను. తలుపులకి స్క్రూల చిల్లులు మిగిలాయి. అప్పటి నుంచీ వాడు స్నానం చేస్తుంటే తలుపు తోసుకుని వెళ్ళేదాన్ని, తువ్వాలు ఇచ్చేదాన్ని, వీపు రుద్దేదాన్ని. వాడు గోడ వైపు తిరిగి ముడుచుకుని నిలబడేవాడు. చలికి అనుకునేదాన్ని.

సంస్థవాళ్ళ పద్ధతి ఏమిటంటే, ముందు నెల రోజులు ప్రయత్నం. ఒక భవనం రెండో అంతస్తులో చిన్న గది, వంటకి ఓ మూల. బుల్లోడు అక్కడ ఒక్కడే ఉండాలి. జేబులమ్మ పొద్దున్న రెండు గంటలు వచ్చి వెళుతుంది. నేను ఆదివారం నాలుగింటికి మాత్రమే రావాలి. నెలాఖరున సమీక్ష. వాళ్ళ ఫారంలో గళ్ళుంటాయి: పొయ్యి, మందులు, బస్సు, ఇలా. గళ్ళన్నీ నిండితే గది వాడిదే. ఒక్కటి ఖాళీగా ఉన్నా గది వరసలో తర్వాతివాళ్ళకి పోతుంది, వీడు ఇంటికొచ్చేస్తాడు, మళ్ళీ నాలుగేళ్ళ వరసలో చివర నిలబడాలి.

నాకు కావలసింది ఆ రెండోదే. దాపరికం దేనికి?

సామాను సర్దే రోజున జేబులమ్మని కడిగేశాను. “వీడి కోసం నేను పెళ్ళి మానుకున్నాను. తెలుసా మీకు? నా వయసు నలభై ఎనిమిది. నా బతుకంతా వీడికి పోశాను. మీరొచ్చి నాలుగు గుడ్లు మాడ్చి తీసుకుపోతారా?”

చొక్కాలు మడతపెడుతున్న బుల్లోడు తలెత్తాడు.

“నేను మానమనలేదు,” అన్నాడు.

అంతే అన్నాడు. మళ్ళీ చొక్కా మడతపెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే నన్ను చూడ్డానికొచ్చిన ఇద్దరూ నా నోరు విని పారిపోయారు. తమ్ముడి కోసం త్యాగం చేసిందని తర్వాత చుట్టాలు అనుకుంటుంటే నేను కాదనలేదు. ఆ మాట వినడానికి బాగుండేది. అది వాడికి తెలుసని మాత్రం నాకు తెలీదు.

ఆ గది తలుపుకి తాళం, లోపల గొలుసు. వాడు ఆ గొలుసుని పెట్టడం, తియ్యడం, పెట్టడం, తియ్యడం. ఒక పావుగంట అదే పని. కొత్త బొమ్మ దొరికినట్టు. నేను దుప్పట్లు తెస్తానని చెప్పి వాడి తాళం చెవి తీసుకుని కిందికి దిగాను. వీధి మలుపులో తాళం చెవులు చేసే మనిషి చిన్న కొట్టు పెట్టుకుని ఉన్నాడు. రెండు నకళ్ళు చేయించాను. ఒకటి పోయినా ఇంకోటి ఉండాలి కదా. తప్పని అప్పుడూ తెలుసు. ఆ నకళ్ళు బ్యాగు అడుగున పడ్డాక గానీ నాకు ఊపిరాడలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బెల్లు కొట్టాను. తలుపు తియ్యలేదు. మళ్ళీ కొట్టాను. మూడోసారికి గుర్తొచ్చింది, లోపల ఎవరూ లేరని.

మా ఇంట్లో బుల్లోడికి నేను అప్పజెప్పిన పని ఒక్కటే, తలుపు తియ్యడం. స్టవ్ దగ్గరికి రానివ్వను, కత్తి ముట్టుకోనివ్వను, బట్టలు ఉతకనివ్వను. బెల్లు మోగితే మాత్రం ఉరుకుతాడు. పాలవాడైనా, పక్కింటామె అయినా, దారి తప్పి వచ్చినవాడైనా సరే, నోరంతా తెరిచి నవ్వుతూ తీస్తాడు. వాడు ఉన్నాడు కదా అని నేను పదహారేళ్ళుగా నా ఇంటి తాళం చెవి వెంట పెట్టుకుని ఎరగను. ఆ రోజు అది లోపల మేకుకి వేలాడుతోంది. తలుపు లాగితే దానంతటదే పడిపోయే తాళం. మెట్ల మీద గంటసేపు కూర్చున్నాక, పొద్దుటి తాళాల మనిషినే పిలిపించాల్సి వచ్చింది.

“పొద్దున్న రెండు చేయించుకున్నారు కదమ్మా. సొంత ఇంటిది లేదా?” అని నవ్వాడు.

పళ్ళు రాలగొట్టాలనిపించింది. తలుపు తీయించుకుని పంపేశాను.

నేను పనిచేసేది ఆస్పత్రి లాండ్రీలో. దుప్పట్లు మడతపెట్టాలి. మిషన్‌లోంచి వేడిగా వస్తాయి, అటొకరు ఇటొకరు అంచులు పట్టుకుని లాగాలి. ఆ నెల నాకు ఎదురు నిలబడ్డవాళ్ళందరూ నన్ను తిట్టుకున్నారు. దుప్పటి అంత గట్టిగా లాగేదాన్ని. వాడు తిన్నాడో లేదో, గ్యాసు కట్టేశాడో లేదో, బస్సులో ఎవరు ఏమన్నారో. ఫోన్ చేస్తే ‘బాగున్నాను అక్కా, గిన్నెలు కడుగుతున్నాను’ అని పెట్టేసేవాడు. గిన్నెలకున్న విలువ నాకు లేదు.

ఆదివారాలు వెళ్ళేదాన్ని. తలుపు పక్కన గోడకి ఇనుప పలక ఒకటి పెట్టుకున్నాడు. దాని మీద వారాలు గీసి ఉన్నాయి, కింద అయస్కాంతాలతో ఫోటోలు. వాడికి చదవడం అంతంత మాత్రం కదా, అందుకని. ఏ రోజు ఎవరొస్తారో ఆ రోజు కింద వాళ్ళ ఫోటో. జేబులమ్మ ఫోటో వారమంతా, రోజుకొకటి. నాది ఆదివారం కింద ఒక్కటే. అదీ పాత పాస్‌పోర్ట్ సైజు ఫోటో, దొంగలా ఉన్నాను అందులో.

“ఈ రోజు కింద ఫోటో లేకపోతే తలుపు తియ్యకూడదు,” అన్నాడు వాడు, గొప్పగా.

ఈతకొలను దగ్గర పని కూడా ఇచ్చారు వాడికి. లాకర్ల తాళం చెవులు ఇవ్వడం, పుచ్చుకోవడం, నంబరు చూసి కొక్కేనికి తగిలించడం. నూట ఇరవై కొక్కేలట. దాని గురించి చెప్పడం మొదలుపెడితే ఆపడు.

“అందరూ మర్చిపోయి జేబులో వేసుకుని పోతారక్కా. నేను చెయ్యి చాపుతాను. ఇచ్చేశాం అంటారు. నేను చెయ్యి తియ్యను. అప్పుడు ఇస్తారు.”

“దెబ్బలాడరూ?”

“నేనేమీ అనను కదా. చెయ్యి చాపుతాను, అంతే.”

మూడో ఆదివారం జేబులమ్మ కూడా ఉంది. నేనే అడిగాను, గళ్ళు ఎంతవరకు వచ్చాయని. అన్నీ నిండాయంది. ఒక్కటి తప్ప. తెలియనివాళ్ళు తలుపు కొడితే ఏం చేస్తాడన్నది.

“ఎవరినైనా పంపి చూడొచ్చుగా?” అన్నాను.

“అబద్ధమాడి మనిషిని పరీక్షించడం మా పద్ధతి కాదమ్మా. మామూలుగా ఎవరైనా వచ్చినప్పుడు మేం పక్కనుండి చూస్తే రాస్తాం. ఇంతవరకు ఎవరూ రాలేదు.”

నాకు దారి దొరికింది. ముప్ఫై ఏడేళ్ళ బతుకులో ఒక్క బెల్లుకి కూడా తలుపు తియ్యకుండా ఉండనివాడు వాడు. ఫోటోలూ పలకలూ ఆదివారం ముచ్చట్లు. గుమ్మంలో ఒక మనిషి నిలబడి నవ్వితే చాలు, మా బుల్లోడు కూర్చోండి, టీ పెడతాను అంటాడు. ఆ ఒక్క సంగతి సాక్ష్యంతో సహా సమీక్షలో పెడితే చాలు, వాడు నా ఇంట్లో ఉంటాడు. క్షేమంగా. నేను అనుకున్నది అదే, క్షేమంగా అని. దానికి ఇంకే పేరూ పెట్టలేదు.

బుధవారం ఈతకొలనుకి సెలవు. మా లాండ్రీ వ్యాన్ డ్రైవర్‌ని పట్టుకున్నాను. యూనిఫాం ఉంటుంది, మర్యాదస్తుడిలా కనిపిస్తాడు. ఎన్నో సార్లు ఆలస్యమైనప్పుడు నేను వాణ్ణి కాపాడాను, కాదనలేకపోయాడు. చెప్పాల్సిన మాట నేర్పాను: కరెంటు మీటర్ చూడ్డానికి వచ్చాను. తలుపు తియ్యగానే లోపలికి నడవాలి. నేను మెట్ల మలుపులో నిలబడి ఫోన్‌తో ఫోటో తీస్తాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకి డ్రైవర్ బెల్లు కొట్టాడు. లోపల చెప్పుల చప్పుడు, పరుగు. నాకు తెలిసిన పరుగే. ఫోన్ ఎత్తి పట్టుకున్నాను.

చెప్పులు తలుపు దగ్గర ఆగాయి.

“ఎవరండీ?”

“మీటర్ చూడాలి సార్. తలుపు తియ్యండి.”

వాడు తలుపుకున్న కంతలోంచి చూస్తున్నాడు. తర్వాత పలక వైపు వెళ్ళినట్టుంది, తిరిగొచ్చాడు.

“మీ ఫోటో లేదండీ,” అన్నాడు.

“ఐదు నిమిషాల పని సార్. ఎండలో వచ్చాను. మంచినీళ్ళు కూడా లేవు.” ఇది నేను నేర్పలేదు, డ్రైవర్ సొంత తెలివి.

“కింద కుళాయి ఉందండీ, చల్లగా వస్తాయి. మీటర్ కూడా కిందే ఉంది, మెట్ల పక్కన. ఫోన్ నంబరు చెప్పండి, మా మేడమ్‌కి చెబుతాను. ఆవిడ ఫోన్ చేస్తారు.”

“ఇంత దూరం వచ్చినవాణ్ణి ఇలా నిలబెడతారా సార్?”

“సారీ అండీ,” అన్నాడు మా బుల్లోడు. నిజంగానే బాధపడుతున్నట్టుంది గొంతు. “తియ్యను.”

డ్రైవర్ కిందికి దిగొచ్చి, మలుపులో నా ముందు నిలబడ్డాడు. వాడి మొహం కందగడ్డలా ఉంది.

“ఈయన్నా మీరు ఏమీ తెలీనివాడన్నది? నాకంటే మర్యాదగా మాట్లాడాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని, అలా ఉంది మీ వరస. ఇలాంటి పనికి ఇంకెప్పుడూ నన్ను పిలవకండి,” అని గబగబా వెళ్ళిపోయాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేను వెళ్ళిపోవాల్సింది. కాళ్ళు పైకి నడిచాయి. బెల్లు కొట్టలేదు, గుప్పిటతో బాదాను.

“ఒరేయ్, నేనురా! తలుపు తియ్యి!”

చెప్పుల చప్పుడు. కంతలో వెలుతురు మూసుకుంది.

“అక్కా, ఈ రోజు బుధవారం.”

“అయితే?”

“నీ ఫోటో ఆదివారం కింద ఉంది.”

“నాకు ఫోటో ఏమిట్రా? నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని! నేను పరాయిదాన్నా?”

“కాదు,” అన్నాడు. “కానీ ఈ రోజు బుధవారం.”

బ్యాగులో చెయ్యి పెట్టాను. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. నకలు తాళం చెవి దూర్చి తిప్పి తలుపు తోశాను. నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని, గొలుసుకి తగిలి ఆగిపోయింది. ఆ సందులో మా తమ్ముడి సగం మొహం. ఒక కన్ను. ఆ కన్ను నన్ను చూడలేదు, తాళంలో ఉన్న చెవిని చూసింది. రోజుకి నూట ఇరవై తాళం చెవులు చూసే కన్ను.

“ఇది కొత్తది,” అన్నాడు. “అంచులు గరుగ్గా ఉన్నాయి. నాది కాదు. నీ దగ్గరెందుకుంది అక్కా?”

తలుపు అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాను. వాడి కింది పెదవి వణుకుతోంది. స్నానాల గదిలో గోడ వైపు తిరిగి నిలబడ్డప్పుడు వాడి మొహం ఎలా ఉండేదో నేనెప్పుడూ చూడలేదు. ఇలాగే ఉండేదని అప్పుడు తెలిసింది.

“వేళ్ళు తియ్యి అక్కా,” అన్నాడు. “నలుగుతాయి. తలుపు వేస్తున్నాను.”

తీశాను. తలుపు వేశాడు, నెమ్మదిగా.

నాలుగో ఆదివారం నేను వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశాను. సరే అక్కా, పడుకో అన్నాడు.

సమీక్ష సోమవారం. సంస్థ ఆఫీసులో పొడుగాటి బల్ల, ఆ కొసన కళ్ళజోడు పెట్టుకున్న సమీక్ష అధికారి, ఈ పక్క బుల్లోడు, జేబులమ్మ, ఎదురుగా నేను. బుల్లోడు చొక్కా బొత్తాలన్నీ సరిగ్గా పెట్టుకున్నాడు. అధికారి ఒక్కొక్క గడికీ టిక్కు పెట్టుకుంటూ వెళ్ళి ఒక చోట పెన్ను ఆపాడు.

“తెలియనివాళ్ళు తలుపు కొట్టినప్పుడు. ఇది చూసినవాళ్ళు లేరే?”

“సార్ నాకు చెప్పారు, డైరీలో రాశాను,” అంది జేబులమ్మ. “పోయిన బుధవారం మీటర్ మనిషినని ఒకరొచ్చారు. సార్ తలుపు తియ్యలేదు.”

నేను చెవులు రిక్కించుకుని విన్నాను. మీటర్ మనిషి ఉన్నాడు. అక్క లేదు. తాళం చెవి లేదు. వాడు చెప్పలేదు.

“మీరు చూశారా?” అన్నాడు అధికారి.

“లేదు.”

“మరి ఎవరు చూశారు?”

జేబులమ్మ చేతులు ఇక్కడ కూడా జేబుల్లోనే. బుల్లోడు బల్ల వైపు చూస్తున్నాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది, సాయంత్రానికి వాడు ఇంట్లో ఉంటాడు. నేను బెల్లు కొడితే తలుపు తీస్తాడు. పెదాలు బిగబట్టుకుని కూర్చున్నాను.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చూడండి, ఆయన మాట ఒక్కదాని మీద నేను రాయలేను. ఇలాంటివాళ్ళు మనం ఏం వినాలనుకుంటే అది చెబుతారు. అసలు ఎవరైనా వచ్చారో, ఊహించుకున్నాడో. వీళ్ళకి నిజానికీ అబద్ధానికీ తేడా...”

“నోరు జాగ్రత్త!” అన్నాను.

లేచి నిలబడ్డానని కుర్చీ వెనక్కి పడ్డాక తెలిసింది. “నా తమ్ముడు పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధమాడలేదు. ఇలాంటివాళ్ళు అంటే ఎవరండీ? ఏం ఊహించుకుంటాడు వాడు? వచ్చాడు ఆ మనిషి! పన్నెండున్నరకి వచ్చాడు. నేనే పంపించాను!”

ఇక ఆగడం నా చేతుల్లో లేదు. డ్రైవర్ సంగతి, మెట్ల మలుపు, కుళాయి, సారీ అండీ, అన్నీ కక్కేశాను. చివర్లో, “వాడు తీస్తాడనుకున్నాను. ఇంటికి తెచ్చుకుందామనుకున్నాను. తియ్యలేదు. ఇక రాసుకోండి,” అన్నాను.

అధికారి నన్ను పురుగుని చూసినట్టు చూశాడు. నేనూ అలాగే చూశాను. “ఆ తర్వాత మీరేం చేశారు?” అని అడిగాడు.

జవాబు బుల్లోడు చెప్పాడు.

“అక్క పైకొచ్చింది. ఆ రోజు ఫోటో లేదు. నేను తియ్యలేదు. వెళ్ళిపోయింది.”

అంతే చెప్పాడు. అబద్ధం లేదు అందులో. తాళం చెవి కూడా లేదు.

అధికారి టిక్కు పెట్టి, ఫారం నా వైపు తోశాడు. “చూసినట్టు మీరు సంతకం చెయ్యాలి.” బ్యాగులో పెన్ను కోసం వెతుకుతున్నాను. జేబులమ్మ కుడిచెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. పెన్ను ఇచ్చింది. అందరి చేతుల్లాంటి చెయ్యే. థాంక్స్ చెప్పలేదు నేను. సంతకం చేశాను.

బయట బస్‌స్టాపులో వాడూ నేనూ నిలబడ్డాం. వాడు నా వైపు తిరిగి చెయ్యి చాపాడు.

“ఏమిట్రా?”

ఏమీ అనలేదు. చెయ్యి చాపే ఉంది. బ్యాగు తెరిచి నకలు తాళం చెవి తీసి అరచేతిలో పెట్టాను. దాన్ని జేబులో వేసుకుని మళ్ళీ చాపాడు.

“ఒక్కటేరా.”

చెయ్యి తియ్యలేదు. పక్కన నిలబడ్డవాళ్ళు చూస్తున్నారు. ఎంతసేపని నిలబెడతాడు? నాకు తెలుసు, ఎంతసేపైనా నిలబెడతాడు. బ్యాగు అడుగున, చిరిగిన అస్తరులో దాచిన రెండోది వెతికి తీసేసరికి దాంతోపాటు ఇంకో తాళం చెవి కూడా గుప్పిట్లోకి వచ్చింది. రెండూ వాడి చేతిలో పెట్టాను.

వాడు రెంటినీ వెలుతురుకి ఎత్తి చూశాడు. కొత్తది ఉంచుకున్నాడు. పాతదాన్ని చూపించి, “ఇది?” అన్నాడు.

“అది మన ఇంటిదిరా.”

“నీ ఇంటిది,” అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అందులో దాన్ని పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు. “పారేసుకోకు. మళ్ళీ మెట్ల మీద కూర్చోవాలి.”

మెట్ల మీద కూర్చున్న సంగతి నేను వాడికి చెప్పలేదు. ఎవరు చెప్పారో అడగలేదు. తాళాల కొట్టు వాడి వీధిలోనే ఉంది కదా.

“ఆదివారం రానా?” అన్నాను. అడిగాక తెలిసింది, వాణ్ణి నేను అనుమతి అడగడం అదే మొదలని.

వేళ్ళ మీద ఏవో లెక్క పెట్టుకున్నాడు. “ఈ ఆదివారం వద్దు. వచ్చే ఆదివారం నాలుగింటికి. ఫోటో పెడతాను.”

ఈ ఆదివారం ఎందుకు వద్దో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదన్నట్టు నిలబడ్డాడు. పద్నాలుగో నంబరు బస్సు వచ్చింది. వాడు నంబరు చూసుకుని, కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా ఎక్కాడు. వెనకాలవాళ్ళు విసుక్కున్నారు, తొందరపడలేదు. నా చేతులు ముందుకెళ్ళాయి, వీపు మీద చెయ్యేసి పైకి నెడదామని. వెనక్కి తీసుకున్నాను.

నేను ఎక్కలేదు. ఆ బస్సు మా ఇంటి వైపు వెళ్ళదు.